బావి గట్టు మీద నిలబడ్డవాళ్లు



ఈ వారం వీడియోలో యయాతి కథ చెప్పుకున్నాం కదా. శాపం తగిలి ముసలితనం రావడం, కొడుకుల్ని యవ్వనం అడగడం, ఆఖరికి కోరికలకి అంతు లేదని తెలుసుకోవడం. ఆ కథ ఎవరు చెప్పినా అక్కడికే వెళ్తారు. నేనూ అక్కడికే వెళ్లాను. దానికి ముందు జరిగిన ఇద్దరు ఆడపిల్లల గొడవని మాత్రం ఒక్క నిమిషంలో దాటేశాను. "బట్టలు తారుమారయ్యాయి, మాటా మాటా పెరిగింది, శర్మిష్ఠ దేవయానిని బావిలో తోసేసింది, యయాతి వచ్చి పైకి లాగాడు" అని చెప్పేసి ముందుకెళ్లిపోయాను.

ఎడిటింగ్‌లో ఆ నిమిషం మళ్లీ చూసుకుంటే సిగ్గేసింది. ఎందుకంటే ఆ నిమిషంలో ఉన్నది పురాణ కాలం సంగతి కాదు. ఈ మధ్యే మా ఇంట్లో జరిగింది. అంతకుముందు నా స్కూల్లోనూ జరిగింది. ఆ సంగతే ఈ పోస్టులో రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

దణ్ణం పెట్టుకుంటే గ్రూప్‌లో కలుపుకుంటారా?

మా అక్క కూతురు ఏడో క్లాసు చదువుతోంది. వాళ్లు కూకట్‌పల్లిలో ఉంటారు, శని ఆదివారాలు నేను అక్కడికే వెళ్తుంటాను. పోయిన నెల ఒక శనివారం వెళ్లేసరికి పాప దేవుడి గది ముందు కూర్చుని ఉంది. మామూలుగా దీపం పెట్టడానికి రమ్మంటే పదిసార్లు పిలవాలి. అలాంటిది తనంతట తనే కూర్చుంది. కళ్లు వాచి ఉన్నాయి.

విషయం ఏంటంటే, వాళ్ల క్లాసు అమ్మాయిలకి ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. రెండు వారాల కిందట ఒక రాత్రి పాపని అందులోంచి తీసేశారు. కారణం ఎవరూ చెప్పలేదు. మర్నాడు స్కూల్ బస్సులో తన సీటు మీద ఎవరిదో బ్యాగు ఉంది. "ఏమైందే?" అని అడిగితే "ఏం లేదే" అని నవ్వారు. ఆ సాయంత్రం తెలిసింది, అదే పేరుతో పక్కన ఒక హార్ట్ బొమ్మ చేర్చి కొత్త గ్రూప్ పెట్టుకున్నారని. అందులో అందరూ ఉన్నారు, ఇది తప్ప.

నన్ను చూసి అడిగింది. "పిన్నీ, రోజూ దణ్ణం పెట్టుకుంటే మళ్లీ యాడ్ చేస్తారా?"

"దేవుడు గ్రూప్ అడ్మిన్ కాదు కదమ్మా" అని నవ్వించబోయాను. నవ్వలేదు. కాసేపాగి ఇంకో ప్రశ్న వేసింది. "నీ స్కూల్లో ఎప్పుడైనా ఇలా అయిందా పిన్నీ?"

"అయింది" అన్నాను. తర్వాత మాట రాలేదు. ఎందుకంటే అయింది, కానీ నాకు కాదు.

రెండంగుళాల చోటు

నేను గుంటూరులో చదువుకున్నాను. ఎనిమిదో క్లాసు మొదట్లో ఒక కొత్త అమ్మాయి చేరింది. అంతకుముందు వాళ్ల ఊళ్లో తెలుగు మీడియం. లెక్కల్లో మాకంటే చాలా ముందుండేది. ఇంగ్లీష్ పాఠం చదవమంటే మాత్రం గొంతు తగ్గిపోయేది. ఒకరోజు "ఐలాండ్" అన్న మాటని స్పెల్లింగ్‌లో ఉన్నది ఉన్నట్టుగా "ఇస్లాండ్" అని చదివింది. క్లాసంతా నవ్వింది. ఆరోజు నుంచి తన పేరు ఎవరూ పిలవలేదు. "ఇస్లాండు" అనే పిలిచారు. నేను కూడా.

మా లంచ్ వరండాలో. ఏడుగురం గుండ్రంగా మఠం వేసుకుని కూర్చునేవాళ్లం. మొదట్లో పలకరించింది నేనే కాబట్టి తను నా పక్కనే కూర్చునేది. ఆగస్టులోనో ఎప్పుడో ఒక మధ్యాహ్నం, తను చేతులు కడుక్కోడానికి వెళ్లినప్పుడు మాలో ఒకమ్మాయి మెల్లగా అంది, "ఇవాళ్టి నుంచి ఎవరూ జరగొద్దు." ఎందుకని ఎవరూ అడగలేదు.

తను క్యారియర్ పట్టుకుని వచ్చి నిలబడింది. కూర్చోవద్దని ఎవ్వరం అనలేదు. అసలు తనవైపు చూడనేలేదు. ఏదో సినిమా గురించి మాట్లాడుతూనే ఉన్నాం. నాకూ నా పక్కమ్మాయికీ మధ్య కొంచెం ఖాళీ ఉంది. కాస్త ఒదిగితే మనిషి పడుతుంది. నేను నా మోకాలు రెండంగుళాలు అటు జరిపాను. ఖాళీ మూసుకుపోయింది.

నేను చేసింది అంతే. తను ఒక నిమిషం నిలబడి, కుళాయి దగ్గరికి వెళ్లి, మళ్లీ చేతులు కడుక్కుంది. కడిగిన చేతులే మళ్లీ కడుక్కుంది. ఆ తర్వాత ఏడాదంతా క్లాసులో వెనక బెంచీ మీద ఒక్కతే కూర్చుని తినేది.

దసరా సెలవుల తర్వాత తనకి తరచూ కడుపునొప్పి వచ్చేది, స్కూలు మానేసేది. ఒకసారి వాళ్లమ్మ వచ్చింది. స్టాఫ్ రూమ్ బయట నిలబడి మాట్లాడుతుంటే విన్నాను. "ఎవరైనా కొట్టారా? తిట్టారా?" అని అడిగారు మేడమ్. ఆవిడ దగ్గర జవాబు లేదు. నిజంగానే ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. "ఆడపిల్లల మధ్య ఇవన్నీ మామూలేనమ్మా, రెండ్రోజులు పోతే వాళ్లే కలిసిపోతారు" అని పంపించేశారు. పరీక్షలయ్యాక ఆ అమ్మాయి స్కూలు మారిపోయింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ ఏడాదే గీతా శ్లోకాల పోటీలో నాకు రెండో బహుమతి వచ్చింది. స్టీలు గ్లాసు. ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

ఎర్రర్ చూపించని బగ్

నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. మా పనిలో ప్రోగ్రామ్ టక్కున ఆగిపోతే పెద్ద భయం లేదు. ఎర్రర్ కనిపిస్తుంది, ఎక్కడో తెలుస్తుంది, సరిచేస్తాం. భయపడాల్సింది ఏ ఎర్రరూ చూపించకుండా లోపల డేటాని పాడుచేసుకుంటూ పోయే బగ్‌కి. లాగ్ చూస్తే అంతా పచ్చగా ఉంటుంది.

ఆడపిల్లల మధ్య జరిగే క్రూరత్వం చాలావరకు ఈ రకం. దెబ్బ కనిపించదు, బూతు వినిపించదు. చోటివ్వకపోవడం, పుట్టినరోజుకి పిలవకపోవడం, తను రాగానే మాట ఆపేయడం, ఒక పుకారు, ఒక నవ్వు. 1995లో అమెరికాలో నిక్కీ క్రిక్, జెన్నిఫర్ గ్రోట్‌పీటర్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి ఒక పేరు పెట్టారు. మన మాటల్లో చెప్పాలంటే "సంబంధాల ద్వారా చేసే హింస". ఒళ్లు మీద కొట్టకుండా, స్నేహాన్నే ఆయుధం చేసి కొట్టడం. ఇది ఆడపిల్లల స్వభావమే అని మాత్రం అనుకోకండి. అంతవరకూ వచ్చిన పరిశోధనలన్నీ కలిపి 2008లో చేసిన ఒక పెద్ద విశ్లేషణలో, ఈ రకం హింసలో మగపిల్లలకీ ఆడపిల్లలకీ తేడా చాలా స్వల్పమని తేలింది. కాకపోతే మనం ఆడపిల్లలకి "గట్టిగా అరవకు, కొట్లాడకు, మంచి పిల్లవనిపించుకో" అని చిన్నప్పటి నుంచి నేర్పుతాం. కోపం పోదు కదా. కనపడని దారి వెతుక్కుంటుంది.

ఇక్కడ గీత గుర్తొచ్చింది, బహుమతి తెచ్చుకున్న నాకు. 17వ అధ్యాయంలో కృష్ణుడు మూడు రకాల తపస్సులు చెప్తాడు. ఎదుటివాళ్లని కలవరపెట్టకుండా, నిజంగా, ప్రియంగా, మేలు కోరి మాట్లాడటం మాటతో చేసే తపస్సు. మౌనాన్ని మాత్రం ఆయన మాట కింద పెట్టలేదు. మనసుతో చేసే తపస్సు కింద పెట్టాడు, సౌమ్యతకీ భావశుద్ధికీ పక్కన. అంటే నోరు మూసుకున్నంత మాత్రాన మౌనం కాదు. లోపల ఏముందన్నదే లెక్క. వరండాలో మేం ఏడుగురం ఒక్క చెడ్డ మాట అనలేదు. కానీ అది మౌనం కాదు, నోరు మూసుకుని చేసిన తిట్టు.

అసలు ఆ అడవిలో ఏం జరిగింది?

ఇప్పుడు నేను దాటేసిన ఆ నిమిషానికి వద్దాం. ఈ కథ మనకి నన్నయగారి ఆదిపర్వంలోనూ ఉంది, పోతన భాగవతం నవమ స్కంధంలోనూ ఉంది. నేను వ్యాసభారతంలో ఉన్నట్టుగా చెప్తాను.

శర్మిష్ఠ రాక్షసరాజు వృషపర్వుడి కూతురు. దేవయాని ఆ రాజుకి గురువైన శుక్రాచార్యుడి కూతురు. ఇద్దరూ స్నేహితులే. చాలామంది అమ్మాయిలతో కలిసి అడవిలో జలక్రీడలకి వెళ్లారు. ఇంద్రుడు గాలి రూపంలో వచ్చి ఒడ్డున ఉన్న బట్టలన్నీ కలిపేశాడు. శర్మిష్ఠ చూసుకోకుండా దేవయాని బట్ట కట్టుకుంది. అంతే, పొరపాటు.

మొదటి మాట దేవయానిది. "నా శిష్యురాలివి అయ్యుండి నా బట్ట తీసుకుంటావా" అన్న ధోరణిలో మాట్లాడింది. శర్మిష్ఠ ఊరుకోలేదు. "మా నాన్న కూర్చున్నా పడుకున్నా మీ నాన్న కింద నిలబడి పొగుడుతుంటాడు, నువ్వు అడుక్కునేవాడి కూతురివి, నేను ఇచ్చేవాడి కూతుర్ని" అన్న అర్థంలో ఎత్తిపొడిచింది. గమనించండి, గొడవ బట్ట గురించి మొదలై ఎంత త్వరగా "మీ నాన్న ఏంటి, మా నాన్న ఏంటి" దగ్గరికి వచ్చేసిందో. ఇవాళ స్కూల్లో కూడా అంతే. వాటర్ బాటిల్ గొడవ రెండు నిమిషాల్లో కారు దగ్గరికి, ఫ్లాట్ దగ్గరికి, కులం దగ్గరికి, రంగు దగ్గరికి, ఇంగ్లీష్ దగ్గరికి వచ్చేస్తుంది. ఎక్కడ కొడితే ఎక్కువ నొప్పో పిల్లలకి బాగా తెలుసు. మన ఇళ్లలో మనం మాట్లాడుకునేదే కదా వాళ్లు వినేది.

తర్వాత శర్మిష్ఠ ఆమెని నీళ్లు లేని బావిలో తోసేసింది. చచ్చిపోయిందనుకుంది. కనీసం వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికెళ్లిపోయింది.

నన్ను ఆపేసింది ఇక్కడే. శర్మిష్ఠ ఒక్కతే కాదు కదా అడవికి వెళ్లింది? మిగతా అమ్మాయిలందరూ ఏం చేశారు? భారతం వాళ్ల గురించి ఒక్క ముక్క చెప్పదు. ఎవరూ చెయ్యి పట్టుకుని ఆపినట్టు లేదు, బావిలోకి తొంగి చూసినట్టు లేదు, పరుగెత్తుకెళ్లి శుక్రుడికి చెప్పినట్టు లేదు. పైకి తీసింది దాహం వేసి నీళ్ల కోసం వచ్చిన పరాయి రాజు. కథలో వాళ్లకి పేర్లే లేవు. వాళ్లు ఎవరో నాకు తెలుసు. వాళ్లలో ఒకదాన్ని నేను.

పెద్దవాళ్లు చెప్పే మూడు మాటలు

బావిలోంచి బయటపడ్డాక దేవయాని ఇంటికి వెళ్లలేదు. దాసితో కబురు పంపింది, ఆ ఊళ్లో అడుగుపెట్టనని. శుక్రుడు పరుగున వచ్చాడు, కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు. ఆ తర్వాత ఆయన అన్న మాటలు చదివి నేను నిజంగా ఉలిక్కిపడ్డాను. అంత గొప్ప గురువు కూడా, మొదట మనందరం చెప్పేదే చెప్పాడు.

మొదటిది కర్మ. ఎవరి సుఖదుఃఖాలు వాళ్లు చేసుకున్నవే, నువ్వు ఏదో తప్పు చేసి ఉంటావు, దానికిది ప్రాయశ్చిత్తం అనుకుంటాను అన్నాడు. రెండోది, చిన్నపిల్లల గొడవ. పిల్లలు తెలివిలేక పెట్టుకున్న పగలని తెలిసినవాళ్లు పట్టించుకోకూడదు అన్నాడు. మూడోది క్షమ. ఎదుటివాళ్ల తిట్లని ఓర్చుకున్నవాడే అన్నిటినీ గెలిచినవాడు, పాము కుబుసం వదిలినట్టు కోపాన్ని వదిలెయ్యాలి అన్నాడు.

ఈ మూడూ అబద్ధాలని నేను అనట్లేదు. మన ధర్మంలో మూడింటికీ చోటుంది. కానీ ఎవరు, ఎవరితో, ఎప్పుడు చెప్తున్నారన్నది చాలా ముఖ్యం.

దేవయాని మొదటి మాటకి ఇచ్చిన జవాబు నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా నచ్చింది. అది ప్రాయశ్చిత్తమైతే కానీ కాకపోతే కానీ, ముందు ఆ పిల్ల నన్ను ఏమందో శ్రద్ధగా విను అంటుంది తండ్రితో. తత్వం తర్వాత, ముందు విను. దెబ్బ తిన్న పిల్లలందరూ అడిగేది ఇదే. కర్మ సిద్ధాంతం నా పనుల లెక్క నేను చూసుకోవడానికి ఇచ్చిన అద్దం. దాన్ని ఏడుస్తున్న పిల్ల ముఖానికి తిప్పి "చూసుకో, ఇది నీ తప్పే" అంటే అద్దం పట్టుకున్న మన చేతులు ఎవరికీ కనపడవు. అందుకే మనకి ఆ మాట అంత సుఖంగా ఉంటుంది.

కొంచెం ఆలోచిస్తే ఆ మూడు మాటలూ చేసే పని ఒక్కటే. "నీ కర్మ" అంటే చేసింది నువ్వే. "పిల్లల గొడవ" అంటే ఎవరూ ఏమీ చెయ్యలేదు. "క్షమించెయ్" అంటే చేసినవాళ్ల సంగతి ఇక ఎత్తకు. మూడింట్లోనూ తోసినవాళ్లు మాయమైపోతారు. మా వరండాలో జరిగిందీ అదే. ఏడుగురం కలిసి చేశాం కాబట్టి ఎవరం చెయ్యలేదు. ఈ రకం క్రూరత్వం బతికేదే "ఎవరూ చెయ్యలేదు" అన్న మాట మీద.

శుక్రుడి గొప్పతనం ఏంటంటే, ఆయన అక్కడ ఆగిపోలేదు. కూతురు చెప్పింది విన్నాడు. నాకు ధర్మం తెలుసు, కోపం ఎక్కడ ఓపిక ఎక్కడ అన్నదీ తెలుసు, కానీ మనిషి నడవడినీ పుట్టుకనీ కించపరిచేవాళ్ల మధ్య ఉండలేను అంది ఆమె. అప్పుడాయన లేచి రాజు దగ్గరికి వెళ్లాడు. వృషపర్వుడు కాళ్లావేళ్లా పడి, మీరు వెళ్లిపోతే మేమందరం సముద్రంలో దూకుతామన్నాడు. దూకండి, నా కూతురికి కష్టం కలిగితే నేను చూడలేను అన్నాడు శుక్రుడు. స్టాఫ్ రూమ్ బయట నిలబడ్డ ఆ అమ్మకి వెనక ఇలా ఒక్కరున్నా ఎంత బావుండేది.

పావు వంతు ఎవరిది?

"సరే, తోసింది శర్మిష్ఠ. చూస్తూ ఊరుకున్నవాళ్లది కూడా పాపమేనా?" అని మీరు అడగొచ్చు. నేను చాలాకాలం కాదనే అనుకున్నా. నేనేం చేశాను, మోకాలు జరిపానంతే కదా.

దీనికి భారతంలోనే సభాపర్వంలో జవాబుంది. ద్రౌపది సభలో ప్రశ్న అడిగి, పెద్దలందరూ తల దించుకున్నప్పుడు, విదురుడు లేచి ప్రహ్లాదుడి కాలంనాటి ఒక కథ గుర్తుచేస్తాడు. అందులో ఒక లెక్క ఉంది. సభలో తప్పు జరుగుతుంటే, తప్పని చెప్పాల్సినవాళ్లు చెప్పకపోతే, ఆ పాపంలో సగం ఆ సభకి పెద్దది, పావు చేసినవాడిది, మిగిలిన పావు చూస్తూ ఊరుకున్నవాళ్లది.

ఆఫీసులో ఏదైనా పెద్దది పడిపోయాక ఎక్కడెక్కడ ఎవరు ఏం చేయలేదో లెక్క తీస్తాం. ఇది అలాంటి లెక్కే. అందులో రెండు సంగతులు చూడండి. చేసినవాడి వాటా, ఊరుకున్నవాళ్ల వాటా సమానం. అందరికన్నా పెద్ద వాటా, ఆపగలిగే కుర్చీలో కూర్చున్నవాళ్లది. మా క్లాసుకి ఈ లెక్క వేస్తే, "జరగొద్దు" అన్న అమ్మాయిది పావు. మా ఆరుగురిది పావు. "మామూలేనమ్మా" అన్న స్టాఫ్ రూమ్‌ది సగం. పోనీ ఆ పావుని ఆరుతో భాగిస్తే నాకు తక్కువే వస్తుంది కదా అనిపిస్తుంది. కానీ పాపం బిర్యానీ బిల్లు కాదు, మనుషులు పెరిగితే తలా కొంచెం తగ్గడానికి.

ఇది పురాణాల లెక్క మాత్రమే కాదు. ఫిన్లాండ్‌లో క్రిస్టీనా సాల్మివల్లి బృందం 1996లో ఇదే చూపించింది. వేధింపు ఇద్దరి మధ్య జరిగేది కాదు, క్లాసంతా అందులో ఏదో ఒక పాత్రలో ఉంటుంది. చేసేవాళ్లు, సాయపడేవాళ్లు, నవ్వి ఎగదోసేవాళ్లు, దూరంగా ఉండేవాళ్లు, అడ్డుపడేవాళ్లు. కెనడాలో పిల్లలు ఆడుకునే చోట వీడియో తీసి చేసిన ఇంకో పరిశోధన 2001లో వచ్చింది. వేధింపు జరిగిన సందర్భాల్లో 88 శాతం సార్లు పక్కన వేరే పిల్లలున్నారు. అడ్డుపడింది 19 శాతం సార్లే. కానీ అలా అడ్డుపడినప్పుడు సగానికి పైగా, అంటే 57 శాతం సార్లు, పది సెకన్లలోపే అది ఆగిపోయింది.

పది సెకన్లు. నా మోకాలు అటు జరపడానికి ఎంత టైమ్ పట్టిందో, ఇటు జరపడానికీ అంతే పట్టేది.

"పదమూడేళ్ల పిల్లవి, భయపడ్డావు, తనకి చోటిస్తే నిన్నూ వెలేసేవాళ్లు" అని మా అక్క నాకు సర్ది చెప్పింది. అది నిజమే. ఆ భయం చిన్నది కాదు. ఆ వయసులో స్నేహితులే లోకం. కానీ ధర్మం పిల్లల్ని వీరత్వం అడగట్లేదు. నవ్వకుండా ఉండొచ్చు. అసలు పేరుతో పిలవొచ్చు. అందరి ముందు కాకపోయినా, మర్నాడు వెళ్లి వెనక బెంచీలో కూర్చోవచ్చు. ఇంట్లో అమ్మకి చెప్పొచ్చు. కౌరవ సభలో భీష్ముడు, ద్రోణుడు తప్పని అననప్పుడు, నూరుగురు అన్నదమ్ముల్లో ఒకడైన వికర్ణుడు లేచి ఇది తప్పన్నాడు. కర్ణుడు కసిరి కూర్చోబెట్టాడు. ఆరోజు వికర్ణుడి మాట వల్ల ఏమీ మారలేదు. అయినా వ్యాసుడు ఆ పేరు వదిలిపెట్టలేదు.

పగ తీరిందా?

దేవయాని గెలిచింది. శర్మిష్ఠ తనకి దాసి కావాలని అడిగింది, వెయ్యిమంది చెలికత్తెలతో సహా. తన వాళ్ల కోసం శర్మిష్ఠ ఒప్పుకుంది. మరి దేవయానికి శాంతి దొరికిందా? లేదు. జీవితాంతం ఆ శర్మిష్ఠనే కళ్లముందు పెట్టుకుని బతికింది. యయాతి రహస్యంగా శర్మిష్ఠని చేపట్టాడు, తెలిసిన రోజు దేవయాని మళ్లీ ఏడుస్తూ తండ్రి దగ్గరికే పరుగెత్తింది. అదిగో, మనం వీడియోలో చెప్పుకున్న శాపం అక్కడిది. బావిలోంచి బయటికొచ్చింది కానీ, బావి ఆమెలోంచి బయటికి రాలేదు.

కాబట్టి తిరిగి తొక్కేయడం మందు కాదు. ఓర్చుకోమని నొప్పి పడ్డ పిల్ల నోరు నొక్కడమూ మందు కాదు. క్షమ ఆమె చేతిలోది. ఎప్పుడిస్తుందో, అసలు ఇస్తుందో ఇవ్వదో ఆమె ఇష్టం. మన చేతిలో ఉన్నది ఇంకొకటి: "నేను చేశాను" అని ఒప్పుకోవడం.

నేను ఆ అమ్మాయిని ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికాను. తనే అనుకుంటున్న ప్రొఫైల్ ఒకటి కనిపించింది. ఒక పెద్ద మెసేజ్ టైప్ చేశాను. పంపలేదు. ఇన్నేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం పూట ఫోన్ తీసి చూస్తే నా క్షమాపణ ఉంటుంది. అది తనకి మందా? లేక నా గుండె బరువు దించుకోడానికి మళ్లీ తన మీదే పెట్టే మూటా? నాకింకా తేలలేదు. డ్రాఫ్ట్ అలాగే ఉంది. నా ఊరట కోసం తనని మళ్లీ ఆ వరండాలో నిలబెట్టకూడదన్నది మాత్రం తేల్చుకున్నాను.

ఆ శనివారం రాత్రి

ఇంతకీ పాపకి ఏం చెప్పాను? ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇస్లాండ్, లంచ్, మోకాలు, అన్నీ. చెప్తున్నప్పుడు దాని మొహం వైపు చూడలేకపోయాను. పిన్ని అంటే దానికి చాలా ఇష్టం, ఆ ఇష్టం కొంచెం తగ్గుతుందని తెలిసే చెప్పాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ అక్కకి సారీ చెప్పావా?" అంది. లేదన్నాను. ఇంకాసేపటికి, దీపం వైపు చూస్తూ అంది. "జూన్‌లో ఇంకో అమ్మాయిని గ్రూప్‌లోంచి తీసేశారు పిన్నీ. అప్పుడు నేను కూడా నవ్వే ఎమోజీ పెట్టా."

నేను ఏ శ్లోకమూ చెప్పలేదు. దగ్గరికి తీసుకున్నాను.

సోమవారం అక్కా నేనూ కలిసి స్కూలుకి వెళ్లాం. అక్కకి ఆ పిల్లల తల్లులకి ఫోన్ చేసి దులిపేయాలని ఉంది, నేనే వద్దన్నాను. ఏ రోజు ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లి క్లాస్ టీచర్‌ని కలిశాం. ఆవిడ "ఎవరు కొట్టారు?" అని అడగలేదు. "ఎప్పటి నుంచి?" అని అడిగారు. అంతా విన్నారు. ఆ ఒక్క ప్రశ్నకే మా అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.

అద్భుతాలేం జరగలేదు. హార్ట్ బొమ్మ ఉన్న గ్రూప్‌లో పాపని ఇంకా కలుపుకోలేదు. కానీ జూన్‌లో తీసేసిన ఆ అమ్మాయి పక్కకి వెళ్లి కూర్చుందట బస్సులో. మొదటి రెండ్రోజులు ఆ అమ్మాయి మాట్లాడలేదు. అది న్యాయమే కదా. మూడో రోజు కిటికీ సీటు ఇచ్చిందట. దణ్ణం పెట్టుకున్నందుకు దేవుడు ఏమిచ్చాడని అడిగితే నేను దీన్నే చూపిస్తాను. గ్రూప్‌లోకి దారి ఇవ్వలేదు, పక్క సీటు దాకా నడిచే ధైర్యం ఇచ్చాడు.

చివరిగా ఒక్క మాట. దేవయాని కొడుకు యదువు, ఆ వంశంలో పుట్టినవాడే మన కృష్ణుడు. శర్మిష్ఠ కొడుకు పూరువు, ఆ వంశంలో పుట్టినవాళ్లే పాండవులు. బావిలో పడ్డ పిల్ల వంశంలోని కృష్ణుడు, తోసిన పిల్ల వంశంలోని అర్జునుడికి పగ్గాలు పట్టాడు. ఎన్ని తరాలకో అయినా ఆ ఇద్దరి మధ్య చోటు ఏర్పడింది. మనం అన్ని తరాలు ఆగక్కర్లేదు.

ఈ వారం మనకి ఒక చిన్న సంకల్పం. మీ స్కూల్లో, కాలేజీలో, ఆఫీస్ క్యాంటీన్‌లో, మీ ఇంటి వాట్సాప్ గ్రూప్‌లో, క్యారియర్ పట్టుకుని నిలబడి ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూడండి. కొంచెం జరగండి.

మీరు ఇప్పుడు ఆ బావిలో ఉన్నట్టయితే, అది మీ కర్మ అని ఎవరు చెప్పినా అక్కడితో ఊరుకోకండి. వినేవాళ్లు దొరికేదాకా చెప్పండి. ఇంట్లో చెప్పలేకపోతే పిల్లల కోసం 1098 ఉంది, మనసు బాగాలేనప్పుడు ఎవరైనా మాట్లాడటానికి 14416 ఉంది. రెండూ ఉచితమే.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. జై శ్రీకృష్ణ.